కన్నప్ప మేస్త్రి మెత్తటి మణికట్టు

“నడిమిలో కరెంటు పోతే నా చెయ్యి దాని దగ్గిరే ఉండిపోతాదా?”

ఇది అడిగిన మనిషి ఇంకా గది లోపలికి కూడా రాలేదు. గుమ్మంలో నిలబడి, ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎవరిదో బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, మూలనున్న యంత్రాన్ని చూస్తున్నాడు. వెనకనుంచి ఆయన భార్య వీపు మీద చెయ్యి పెట్టి తోసింది.

“ఉండిపోతే ఉండిపోనీ. నీ దగ్గిరుండి మాత్రం ఏం జేస్తా ఉండాది అది? పో లోపలికి.”

కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుందని, బ్యాటరీ కూడా పోతే ఎర్ర మీట నొక్కగానే యంత్రం చెయ్యి వదిలేస్తుందని చెప్పాను. ఆ మీట ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. ఎడమ చేత్తో ఒకసారి నొక్కి చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కాడు. యంత్రం రెండుసార్లూ ఆగి, రెండుసార్లూ మళ్ళీ మొదటినుంచి మొదలైంది. అప్పుడు కూర్చున్నాడు.

ఆయన పేరు కన్నప్ప. గుడియాత్తం నెల్లూరుపేటలో మేస్త్రి. అప్పటికి యాభై నాలుగేళ్ళు. భార్య కుప్పమ్మ. ఇది రెండువేల నాలుగులో మాట. చెప్పుల కంపెనీలకు విదేశీ ఆర్డర్లు వచ్చి పడుతుంటే పేర్ణాంబట్టు దారి పొడవునా పెంకుటిళ్ళు పోయి మేడలు లేస్తున్న రోజులు. ప్రతి ఇంటివాడికీ ముందువైపు గుండ్రటి స్తంభాలు కావాలి, గోడలు అద్దంలా ఉండాలి. గోడ అద్దంలా ఉండాలంటే కన్నప్ప పూత వెయ్యాలని ఊళ్ళో పేరు. అలాంటి రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు నెలలో తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు.

అది సారవ కట్టెల మీద, అంత ఎత్తున నిలబడి పని చేస్తున్నప్పుడు రాలేదు. కిందికి దిగి టీ తాగుతుండగా వచ్చింది. “దానికి గూడా మర్యాద తెలుసుమా. నేను దిగిందాకా నిలిచింది,” అనేవాడు కన్నప్ప.

నేను చిత్తూరులో పుట్టి, తిరుపతిలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివి, పెళ్ళయి కాట్పాడి వచ్చినదాన్ని. వేలూరులో సత్తువాచారి దగ్గర ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఈ యంత్రం నడిపి, కొలతలు రాసే ఉద్యోగం. ఇంట్లో పద్నాలుగు నెలల కూతురు. ఇంకా నడవడం లేదు. ఏ నెలలో ఏ పని చెయ్యాలో పుస్తకాల్లో ఉండే పట్టిక నాకు కంఠతా వచ్చు. అది నా కూతురికి రాదు, అదే తంటా.

యంత్రం చూడడానికి అంత గొప్పగా ఉండదు. ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు చేసి ఇచ్చారు. ఒక బల్ల, దాని మీద మోచెయ్యిలాగా మడిచే ఇనప చెయ్యి, చివర ఒక పిడి. రోగి చేతిని ఆ పిడికి పట్టీలతో కడతాం. ఎదురుగా తెర మీద ఒక పసుపు చుక్క, దూరంగా ఒక ఎర్ర చుక్క ఉంటాయి. చెయ్యి కదిలితే పసుపు చుక్క కదులుతుంది. దాన్ని ఎర్ర చుక్క దగ్గరికి చేర్చాలి. రోగికి బలం ఎంత తక్కువైతే అంత మోటారు అందిస్తుంది. మనిషి సహాయకుడైతే యాభైసార్లకే విసుక్కుంటాడు. ఇది గంటలో ఆరువందలసార్లు అదే పని చేస్తుంది.

మొదటి రోజు కన్నప్ప చెయ్యి గట్టిగా బిగుసుకుపోయి ఉంది. “పెద్దాయనా, చెయ్యి వదులుగా పెట్టుకోండి,” అన్నాను. ఆయన చాలా శ్రద్ధగా తలూపాడు.

పది నిమిషాలు గడిచాక దానికి పేరు కూడా పెట్టాడు. “ఇట్లా చెయ్యి పట్టుకోని వదలకుండా ఉండేవాడు బామ్మర్ది ఒకడే.”

కుప్పమ్మ మూలనున్న స్టూలు మీంచి అంది. “నాకు తమ్ముళ్ళు లేరని మా యమ్మ సచ్చేదాకా ఏడ్చింది. ఇనుముతో అయినా ఒకడు పుట్టినాడు.”

చికిత్స ఆరువారాలు, వారానికి మూడు రోజులు. రెండోవారం చివర పరీక్ష. మోటారు ఆపేసి, చెయ్యి సొంతంగా ఎంత దూరం పోతుందో కొలుస్తాం. మొదటి రోజుకంటే ఏమీ పెరగకపోతే ఆ చోటు తర్వాతి వాళ్ళకు ఇవ్వాలి. జాబితాలో పదకొండుమంది ఉన్నారు. ఇది డాక్టర్ అంబిక పెట్టిన నియమం. ఆవిడ కొత్తవాళ్ళందరికీ నవ్వుతూనే చెప్పేది, కానీ సడలించిన సందర్భం నేను చూడలేదు.

చేరేటప్పుడు నింపే కాగితంలో “ఈ చేత్తో ఏం చెయ్యాలనుకుంటున్నారు?” అని ఒక ప్రశ్న ఉంది. అందరూ అన్నం తినాలంటారు, చొక్కా గుండీలు పెట్టుకోవాలంటారు.

“మట్టపలక పట్టాల,” అన్నాడు కన్నప్ప. “అన్నం కుప్పమ్మ పెడతాది.”

“పెడతానని ఎవురు చెప్పినారు?” అంది కుప్పమ్మ.

పచ్చి సిమెంటు పూత మీద ఆనించి, గోడ పొడవునా లాగి చదును చేసే పొడవాటి చెక్క మట్టపలక. పెద్ద గోడకు ఇద్దరు పట్టాలి, చెరో కొస. ఇరవై రెండేళ్ళుగా రెండో కొస వేలాయుధానిది. కన్నప్పకు పక్షవాతం వచ్చాక వేలాయుధం ఎవరితోనో జతకట్టి పని చేస్తున్నాడు. ఆషాఢం లాంటి ఆడి నెల పోయి ఆవణి వస్తే కొత్త ఇళ్ళ పనులు మొదలవుతాయి. అంతవరకు చూస్తానని, అప్పటికీ చెయ్యి రాకపోతే శాశ్వతంగా వేరే జత చూసుకుంటానని కబురు పెట్టాడు.

“వాళ్ళిద్దురు వేసిన గోడ చూసొచ్చినా,” అన్నాడు కన్నప్ప. “అది గోడ గాదుమా, ముడతల దుప్పటి.”

నవ్వుతూనే అన్నాడు. కానీ కాగితం మీద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నప్పుడు ఆ వేలు ఒత్తిన ఒత్తుకి కాగితం కొంచెం చిరిగింది.

రెండు వారాలు నా జీవితంలో ఎప్పుడూ లేనంత హాయిగా గడిచాయి. కన్నప్ప చెయ్యి తెర మీద గీసే గీతలు ఎంత తిన్నగా ఉన్నాయంటే, స్కేలు పెట్టి గీసినా అలా రావు. మిగతా రోగుల గీతలు కోడి కెలికినట్టు ఉంటాయి. నేను కన్నప్పవి అచ్చు తీసి ఫైల్లో పైన పెట్టాను. ఇంట్లో మా ఆయనకు చూపించాను. పాప విషయంలో పుస్తకం చెప్పినట్టు ఏదీ జరగకపోయినా, ఇక్కడ ఒక మనిషి పుస్తకాన్ని మించి పోతున్నాడు గదా అని నాకు ధైర్యం.

శుక్రవారం పరీక్ష. మోటారు ఆపాను.

“రండి పెద్దాయనా, ఎర్ర చుక్క దగ్గరికి.”

పసుపు చుక్క బయల్దేరి, కొంచెం దూరం పోయి, అక్కడే ఆగింది. మొదటి రోజు ఏడు సెంటీమీటర్లు. ఈ రోజూ ఏడే. ఇంకోసారి చేయించాను. ఆరున్నర.

“మా బామ్మర్దికి ఒళ్ళు బాగలేదా?” అని అడిగాడు కన్నప్ప.

తప్పు యంత్రంలో ఉందనుకున్నాను. తాళ్ళు, పట్టీలు, తెర, అన్నీ చూశాను. చివరికి మోటారు ఎంత బలం పెట్టిందో రాసిన కాగితపు పట్టీలు తీశాను. అవి రోజూ తియ్యవలసినవే. గీతలు అంత అందంగా ఉంటే ఎవరు తీస్తారు? తీశాక అర్థమైంది. పద్దెనిమిది సెంటీమీటర్ల దారిలో పద్దెనిమిదీ మోటారే లాగింది. కన్నప్ప ఒక్కటి కూడా లాగలేదు.

“పెద్దాయనా, మీరు చేతిని ముందుకు తొయ్యడం లేదా?”

“నేనెందుకు తోస్తానుమా, అది లాగతా ఉంటే?” ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. “ఇంగొకడు పలక లాగేటప్పుడు మనం గూడా తోస్తే గోడకు కడుపొస్తాది. మణికట్టు మెత్తగా పెట్టుకోని వాని ఎనకాలనే పోవాల. ముప్పై ఏండ్లుగా పోతా ఉండా. గుడియాత్తంలో నా అంత మెత్తగా పొయ్యేవాడు లేడు. ఎవుర్నన్నా అడుగు.”

“ఈ రెండు వారాలూ అలాగే చేశారా?”

“సులువనుకుంటివా? ఈ చెయ్యి ఊరికే బిగుసుకుంటాది. దాన్ని మెత్తగా పెట్టుకునేదానికి నాకు చెమటలు కారిపోయినాయి. నువ్వే గదమ్మా మొదటి దినం చెప్పింది, వదులుగా పెట్టుకోమని?”

చెప్పాను. వదులుగా పెట్టుకుని ఆ తర్వాత తొయ్యాలని మాత్రం చెప్పలేదు. తొయ్యడం ఎవరికైనా తెలుసనుకున్నాను. మామూలు మనుషులకు తెలుసేమో. గోడ ఎదుట ముప్పై ఏళ్ళు ఇంకొకరి వెనకాల పలక పట్టినవాడికి తెలిసింది వేరు. నేను మెచ్చుకున్న ఆ తిన్నని గీతలన్నీ ఆయన మర్యాదకు దాఖలాలు.

డాక్టర్ అంబిక వచ్చింది. కాగితాలు చూసింది. జాబితాలో తర్వాతి పేరు ఎవరిదని అడిగింది. తప్పు నాదని, ఈ రెండు వారాల చికిత్స అసలు చికిత్సే కాదని, ఆ మనిషి చెయ్యి ఇంకా పని మొదలుపెట్టనే లేదని ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆవిడ ఇంకో వారం, అంటే మూడు రోజుల చికిత్స ఇచ్చింది. వచ్చే శుక్రవారం మళ్ళీ పరీక్ష. అప్పటికీ ఏడు దాటకపోతే కన్నప్ప గుడియాత్తం బస్సెక్కాల్సిందే.

ఆ శనివారం, ఆదివారం కూర్చుని యంత్రం లెక్క మార్చాను. ఎర్ర చుక్క వెలిగాక అది వెంటనే లాగదు. రెండు సెకండ్లు ఆగుతుంది. అంతలో మనిషి కదిలితే వెనకే వస్తుంది. కదలకపోతేనే, అదీ కొంచెంగా, చెయ్యి అందిస్తుంది.

సోమవారం కన్నప్పకు అంతా వివరించాను. చుక్క వెలిగింది. యంత్రం ఆగింది. కన్నప్ప కూడా ఆగాడు. రెండు సెకండ్ల తర్వాత అది కదిలింది, ఆయన మెత్తగా దాని వెనక పోయాడు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఇద్దరూ ఆగారు. గుమ్మం దగ్గర మీరు ముందంటే మీరు ముందని నిలబడే వియ్యంకుల్లాగా ఉన్నారు.

“తొయ్యండి పెద్దాయనా.”

“తోద్దామనే అనుకుంటా ఉండామా. అది కదిలేటప్పటికి మణికట్టు దానంతట అదే మెత్తబడిపోతాది. నేనేం జేసేది?”

అరగంట ఇదే వరస. నాకు ఏడుపొక్కటే తక్కువ. కుప్పమ్మ జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంటూ అడిగింది.

“ఏమ్మా, ఇది పుట్టి ఎన్నాళ్ళయింది?”

“ఏది?”

“ఇదే, నా తమ్ముడు.”

“పద్దెనిమిది నెలలు.”

కుప్పమ్మ మొగుడి వైపు తిరిగింది. “విన్నావా? పద్దెనిమిది నెలలంట. గంప అందించే కూలిపిల్ల, సిత్తాళు గూడా దీని కంటే పెద్దది. ముప్పై ఏండ్ల మేస్త్రివి, సిత్తాళు ఎనకాల పోతా ఉండావు. వేలాయుధానికి తెలిస్తే బస్టాండులో నిలబడి చెప్తాడు.”

కన్నప్ప యంత్రాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ఇన్నాళ్ళూ అది తనకంటే పెద్ద మేస్త్రి అనుకున్నట్టుంది. గొంతు మారింది.

“ఒరే, నువ్వు ఎనకాల రా.”

చుక్క వెలిగింది. భుజం కదిలింది, మోచెయ్యి కదిలింది. పసుపు చుక్క బయల్దేరి ఎడమకు పోయింది, కుడికి పోయింది, ఒకచోట వెనక్కి వచ్చింది, చివరికి ఎలాగో ఎర్ర చుక్కను గుద్దుకుంది. తెర మీద మిగిలిన గీత ఆలంగాయం కొండదారి కంటే అన్యాయంగా ఉంది. మోటారు పట్టీ చూశాను. పద్దెనిమిదిలో ఎనిమిది కన్నప్పవే.

నేను సంతోషంతో లేచి నిలబడ్డాను. ఆయన మాత్రం ఆ గీతను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“ఇది ఎవురికీ చూపించొద్దుమా.”

“డాక్టరమ్మకు చూపించాలి గదా.”

“ఆమెకు సరే. గుడియాత్తమోళ్ళకి మాత్రం వొద్దు. ఈ గీత చూస్తే నన్ను గోడకు సున్నం కొట్టేదానికి గూడా పిలవరు.”

ఆ రోజునుంచి ఆ గదిలో ఒక మేస్త్రి గొంతు వినబడేది. “తొందరెందుకురా? నేను పిలిచినప్పుడు రా.” “లాగొద్దు, లాగొద్దు, నేనుండాను.” “ఇప్పుడు పట్టుకో. అద్ది.” పక్క గదిలో చికిత్సకు వచ్చేవాళ్ళు లోపల ఎవరో కొత్త కుర్రవాణ్ణి పనిలో పెట్టుకున్నారనుకునేవారు. బుధవారం గీతలు ఇంకా వంకరగా వచ్చాయి. నేను ఫైల్లో వాటిని పైన పెట్టాలా కింద పెట్టాలా అని తికమకపడుతుంటే డాక్టర్ అంబిక తీసుకుని చూసింది. వంకరలన్నిటి మీదా వేలు పెట్టి పోతూ, ఈ ఫైలు మొత్తంలో ఇవే మంచి గీతలంది.

శుక్రవారం మోటారు ఆపాను. కుప్పమ్మ స్టూలు మీంచి లేచి గోడకు ఆనుకుని నిలబడింది. పసుపు చుక్క బయల్దేరింది. ఏడు దగ్గర ఆగింది. కన్నప్ప పళ్ళు బిగించాడు. నుదుటి మీద చెమట ముక్కు చివరిదాకా వచ్చి ఆగింది. ఆ చెమట చుక్క, తెర మీది పసుపు చుక్క, ఏది ముందు కదులుతుందా అని చూస్తున్నాను. పసుపుదే కదిలింది.

పదకొండు. నేను మూడుసార్లు కొలిచాను. డాక్టర్ అంబిక ఒకసారి కొలిచి సంతకం పెట్టింది.

“ఇంగ ఏడు సెంటీమీటర్లు నా లెక్కలో వేసుకోమా. వచ్చే వారం కట్టేస్తా,” అన్నాడు కన్నప్ప. అన్నాక తల వంచి, కళ్ళలోకి చెమట పోయిందని చెప్పి, తుండుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆరువారాలు పూర్తిచేశాడు. చెయ్యి పూర్తిగా వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. బొటనవేలు ఇప్పటికీ మొండికేస్తుంది, తాపీ పట్టుకుంటే జారిపోతుంది. కానీ భుజం, మోచెయ్యి ఆయన మాట వింటాయి. నాలుగు వేళ్ళు చెక్కను పట్టుకుంటాయి.

ఆవణిలో ఒక ఆదివారం గుడియాత్తం రమ్మని కబురు చేశాడు. మా అత్తగారు ఊళ్ళో లేరు, పాపను చంకనేసుకుని బస్సెక్కాను. పేర్ణాంబట్టు దారిలో చెప్పుల పైతోళ్ళు కుట్టించే కాంట్రాక్టరు కొత్త ఇల్లు. ముందు హాలు గోడకు పూత వేసి ఉంది, ఇంకా తడిగా. వేలాయుధం పొడుగాటి మనిషి. తలుపులేని గుమ్మంలో నిలబడి కన్నప్పను చూసి అరిచాడు.

“వచ్చినాడప్పా మిషనింటి అల్లుడు. చెయ్యి నీదేనా, వాళ్ళది తగిలించి పంపినారా?”

“నాదే. వాళ్ళది మంచిదని వాళ్ళే పెట్టుకున్నారు.”

ఇద్దరూ మట్టపలక చెరో కొస పట్టారు. వేలాయుధం అలవాటుగా లాగబోయాడు.

“ఈ దినం నేను లాగతా. నువ్వు ఎనకాల రా,” అన్నాడు కన్నప్ప.

వేలాయుధం ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ వినని మాట. పలక కదిలింది. మూడడుగులు బాగానే పోయింది. కన్నప్ప మోచెయ్యి వణకడం మొదలైంది, అది చూసి వేలాయుధం తనూ తోశాడు. గోడ మధ్యలో కడుపు లేచింది.

“నీ చెయ్యి వణికింది,” అన్నాడు వేలాయుధం.

“వణికితే నీకేంది? నువ్వెందుకు తోసినావు? ఇన్నేండ్లు నేను ఎనకాల వస్తే గోడలు బాగొచ్చినాయి. ఒక్క దినం నువ్వొచ్చినావు, చూడు. దానికి గూడా నేర్చుకోవాల.”

తిట్టుకుంటూనే ఆ భాగం గీకేసి మళ్ళీ పూత వేశారు. రెండోసారి వేలాయుధం నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మణికట్టు వదిలేసి, కన్నప్ప వెనక పోయాడు. చివరి రెండడుగులకు కన్నప్పే అన్నాడు, “నాకు అయిపోయింది, ఇంగ నువ్వు లాగు.” పలక ఆగకుండానే పని చేతులు మారింది. వేలాయుధం వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి గోడను పక్కనుంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

“రేపు ఎనిమిదికి రా,” అన్నాడు వేలాయుధం. “ఆలస్యం జేస్తే ఆ దుప్పటిగాన్ని పిలుచుకుంటా.”

బయట ఇసుక కుప్ప దగ్గర నేను పాప రెండు చేతులూ పైనుంచి పట్టుకుని నడిపిస్తున్నాను. నా పాదాల మధ్య దాని పాదాలు తేలుతూ వస్తున్నాయి. కన్నప్ప చేతులు కడుక్కుని వచ్చి, మా నడకను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశాడు.

“అది నడస్తా ఉండాదనుకుంటివా?”

“నేర్పిస్తున్నాను పెద్దాయనా. పదహారో నెల వచ్చింది.”

“నడిచేది నువ్వు. అది నీ ఎనకాల మెత్తగా వస్తా ఉండాది. నేనొచ్చినట్టు.” చేతులు తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు. “వదులు.”

“పడిపోతే?”

“అదుండేదే రెండడుగులు. రెండడుగుల మింద నుంచి పడినోళ్ళని నేను ఆస్పత్రికి తీసకపోయింది లేదు.” ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే చాపుకుంటున్నాడు. “మీ మిషనుకు నువ్వే గదమ్మా చెప్పింది, రెండు లెక్కబెట్టినాకనే చెయ్యియ్యి అని? దానికి చెప్పింది నువ్వు జెయ్యవేంది? రెండు లెక్కబెట్టి పట్టుకో.”

ఆ రోజునుంచి లెక్కపెడుతున్నాను. కొన్నిసార్లు ఒకటిన్నర దగ్గరే నా చెయ్యి పాప వైపు వెళ్ళిపోతుంది.